ఆక్యుపంక్చర్‌లో పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నారా?

అందరికీ నమస్కారం. నేచురోపతీ, ఫిజియోథెరపీ చదివే పిల్లలే ఎక్కువమంది వచ్చారని చెప్పారు, కాబట్టి ఉపోద్ఘాతాలు పెట్టుకోను. సూదులు గుచ్చి చేసే ఈ చైనా వైద్యం మీద నాకు వచ్చే మెసేజ్‌లలో మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే: "సార్, చైనాలో ఆక్యుపంక్చర్ పీహెచ్‌డీ చేసొస్తే పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుని క్లినిక్ తెరవచ్చా?"

పేరు ముందు పెట్టుకోవచ్చు, తెలుగులో పీహెచ్‌డీ చేసిన మాస్టారు కూడా పెట్టుకుంటారు. క్లినిక్ సంగతి వేరు, దానికి అడిగేది థీసిస్‌ని కాదు, రిజిస్ట్రేషన్‌ని. కేంద్రం 2003లో ఆక్యుపంక్చర్‌ని ఒక చికిత్సా పద్ధతిగా మాత్రమే ఒప్పుకుంది, 2019 ఫిబ్రవరిలో స్వతంత్ర విధానంగా గుర్తిస్తూ ఆర్డర్ ఇచ్చింది, అయినా సొంతంగా చట్టం చేసుకున్న రాష్ట్రాలు తక్కువే: పశ్చిమ బెంగాల్ 1996లో, మహారాష్ట్ర 2015లో. బెంగాల్ ముందుండటంలో ఆశ్చర్యం లేదు. 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకి సాయంగా డాక్టర్ కోట్నిస్‌తో పాటు వెళ్లిన మన దేశపు వైద్య బృందంలో ఉన్న డాక్టర్ బి.కె. బసు 1950ల చివర్లో మళ్లీ అక్కడికెళ్లి, ఈ విద్య నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు.

ఇక శని, ఆదివారాల్లో క్లాసులు పెట్టి "పీహెచ్‌డీ" చేతిలో పెట్టేవాళ్లు మన ఊళ్లలో కూడా ఉన్నారు. ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీలిచ్చే హక్కు యూనివర్సిటీలకి, చట్టం అనుమతించిన సంస్థలకి మాత్రమే ఉంది. ఫీజు కట్టేముందు ఆ ఒక్క సెక్షన్ చదవండి.

అసలు చదువు సంగతికొద్దాం. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూల్లోని చైనా సంప్రదాయ వైద్య విద్యాలయాలు 1956లో పెట్టినవి. డిగ్రీ అయిదేళ్లు, మాస్టర్స్ మూడేళ్లు, ఆ తర్వాత డాక్టరేట్ మూడేళ్లు, కొన్నిచోట్ల నాలుగు. డాక్టరేట్‌లో మళ్లీ రెండు దారులు: ఒకటి ఆసుపత్రి వైపు, రోజూ రోగుల మధ్య, రెండోది ల్యాబ్ వైపు, ఎలకలతో. చేరాక మారడం అంత తేలిక కాదు కాబట్టి మీకు ఏది కావాలో ఇక్కడే తేల్చుకుని వెళ్లండి. ఇంకో పెద్ద తలనొప్పి భాష. చైనీస్ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్నంత మాత్రాన రెండు వేల ఏళ్ల నాటి వైద్య గ్రంథాల భాష అర్థం కాదు, అది అక్కడి పిల్లలకే కొరుకుడు పడదు. అమెరికాలో అయితే లైసెన్స్‌కి మాస్టర్స్ చాలు, పైన చేసే డాక్టరేట్‌లు ఎక్కువగా క్లినిక్‌లో చేయి తిరగడం కోసం పెట్టినవి, పరిశోధన పీహెచ్‌డీతో వాటిని కలపకండి. దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది వేరు. ఈ రంగంలో డాక్టరేట్ అంటే ఇంకాస్త బాగా సూదులు గుచ్చడం నేర్పే చదువు అనుకుని వెళ్తారు. సూది గుచ్చడం అప్పటికే వచ్చి ఉండాలి. మోకాలిచిప్ప కింద, రోగి నాలుగు వేళ్ల వెడల్పు కిందికి దిగి (మీ వేళ్లు కాదు, రోగివి), కాలి ఎముక అంచు నుంచి ఒక వేలు బయటికి జరిగితే జూసాన్లీ అనే పాయింట్ దొరుకుతుంది. అక్కడ సూది దింపి, మెల్లగా తిప్పుతూ, రోగి "బరువుగా ఉంది, లాగుతోంది" అనేదాకా ఆగాలి. ఇది డిగ్రీ పిల్లలే చేస్తారు. పీహెచ్‌డీలో మిమ్మల్ని అడిగేది: అదే సూది రెండంగుళాలు పక్కన గుచ్చితే ఏమవుతుంది? అసలు గుచ్చకుండా గుచ్చినట్టు నటిస్తే?

నటించడం ఎలాగంటారా, దానికీ పరికరం ఉంది. 1998లో జర్మనీ వాళ్లు ఒక ఉత్తుత్తి సూది తయారుచేశారు. మొన మొద్దుగా ఉంటుంది, నొక్కితే సురభి నాటకంలో కత్తిలా పిడిలోకి వెళ్లిపోతుంది. చర్మం మీద చిన్న ప్లాస్టిక్ రింగు, దాని మీద ప్లాస్టర్, ఆ ప్లాస్టర్‌లోంచి సూది నిలబడి ఉంటుంది కాబట్టి రోగికి తేడా తెలియడం కష్టం. గుచ్చేవాడికి మాత్రం తెలిసిపోతుంది. మాత్రల ట్రయల్‌లో అసలు మాత్ర ఎవరికిచ్చారో తెలియకుండా డాక్టర్ కళ్లకీ గంతలు కట్టొచ్చు, ఇక్కడ కుదరదు, ఈ ముడి ఇంకా ఎవరూ పూర్తిగా విప్పలేదు.

జర్మనీలోనే 2007లో నడుంనొప్పి మీద వచ్చిన పెద్ద ట్రయల్ చూడండి. 1,162 మంది రోగులు. ఆరు నెలల తర్వాత చూస్తే అసలు ఆక్యుపంక్చర్ చేయించుకున్నవాళ్లలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. పాయింట్లు కాని చోట పైపైన గుచ్చినవాళ్లలో 44.2 శాతం. మందులు, వ్యాయామం లాంటి మామూలు చికిత్సలో 27.4 శాతం. ఇప్పుడు చెప్పండి, ఆక్యుపంక్చర్ గెలిచిందా, ఓడిందా? మామూలు చికిత్సని చిత్తుచేసింది, కానీ పాయింట్ల పటం ఎందుకన్న ప్రశ్న మిగిల్చింది. అక్కడి ఆరోగ్య బీమా వాళ్లు నడుంనొప్పికి, మోకాలినొప్పికి డబ్బులిస్తామన్నారు, మైగ్రేన్‌కి ఇవ్వమన్నారు. నన్నడిగితే అందులో ఇంగితం ఉంది. మా గైడ్‌ల తరం వాళ్లకి మాత్రం ఆ పేపర్ పేరెత్తితేనే చిరాకు.

అలాగని లోపల ఏమీ జరగడం లేదనీ కాదు. బీజింగ్‌లో హాన్ జిషెంగ్ అనే ఫిజియాలజిస్టు 1970ల మొదట్లో, సూదులు గుచ్చిన కుందేలు మెదడులోని ద్రవం తీసి, సూదులు గుచ్చని కుందేలు మెదడులోకి ఎక్కిస్తే, దానికీ నొప్పి తట్టుకునే శక్తి పెరిగింది. నొప్పిని తగ్గించే రసాయనాలేవో విడుదలవుతున్నాయని అర్థమైంది. తర్వాత సూదులకి కరెంటు కలిపి చూస్తే, సెకనుకి 2 సార్లు కొట్టే కరెంటుకి ఒక రకం, 100 సార్లు కొట్టేదానికి ఇంకో రకం విడుదలవుతాయని తేల్చారు. పీహెచ్‌డీ అంటే ఇలాంటి పని.

ఇంకో సంగతి, మొహమాటం లేకుండా చెప్తాను. 1998లో బ్రిటన్ పరిశోధకులు లెక్కతీస్తే, వాళ్లకి దొరికిన చైనా ఆక్యుపంక్చర్ ట్రయల్స్ అన్నీ, ఒక్కటి కూడా మినహా లేకుండా, సూదికే అనుకూలంగా వచ్చాయి. అన్నీ గెలిచే ఆటని ఎవరు నమ్ముతారు? ఇప్పుడు పరిస్థితి మారింది. 2017 జూన్‌లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ఒకే సంచికలో చైనా నుంచి రెండు పెద్ద ట్రయల్స్ వచ్చాయి. దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోయే ఇబ్బంది ఉన్న 504 మంది ఆడవాళ్లకి ఆరు వారాల్లో 18 సార్లు కరెంటు సూదులు పెట్టి, ప్యాడ్‌లు తూకం వేసి చూస్తే, ఉత్తుత్తి సూది కంటే మేలని తేలింది. పీసీఓఎస్ అనే అండాశయ సమస్య ఉన్న వెయ్యిమందికి పిల్లలు పుట్టడానికి సూదులు పనికొస్తాయా అని చూసిన రెండోదాంట్లో, పనికిరాలేదని తేలింది. ఆ రెండోది రాసినవాళ్లంటే నాకు ఎక్కువ గౌరవం.

మూలికా మందుల వైపు వెళ్లేవాళ్లు చైనా శాస్త్రవేత్త తూ యూయూ పేరు విని ఉంటారు. నాలుగో శతాబ్దపు చైనా పుస్తకంలో ఒక మూలికని నీళ్లలో నానబెట్టి పిండమని ఉంది, మరిగించమని లేదు. వేడికి మందు చెడుతోందేమోనని ఆవిడ ఈథర్‌తో తీసి, 1971లో మలేరియా మందు పట్టుకుంది, 2015లో నోబెల్ వచ్చింది. ఆవిడకి పీహెచ్‌డీ లేదు, చైనాలో డిగ్రీల చట్టమే 1981లో అమల్లోకొచ్చింది. దీనికి రెండోవైపు బెల్జియం. 1990ల మొదట్లో అక్కడ సన్నబడటానికి ఇచ్చిన మాత్రల్లో ఒక చైనా మూలికకి బదులు దాదాపు అదే పేరున్న ఇంకో మూలిక కలిసి, వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఏ మూలిక ఏదో తేల్చే పని మీద థీసిస్ రాస్తానంటే ఎవరూ చప్పట్లు కొట్టరు, కానీ నేనైతే అలాంటి స్టూడెంట్‌ని వెంటనే తీసుకుంటాను.

కాబట్టి గైడ్‌ని వెతుక్కునేటప్పుడు స్కాలర్‌షిప్ ఎంతని తర్వాత అడగండి. ముందు, మీ దగ్గర కిందటిసారి పీహెచ్‌డీ చేసిన వాళ్లు ఏ గ్రూపుతో పోల్చి చూశారు, ఫలితం అనుకున్నట్టు రానప్పుడు ఏం చేశారు అని అడగండి. ఆ ప్రశ్నకి ఆయన విసుక్కుంటే ఇంకో గైడ్‌ని చూసుకోండి. సరే, ఇక మీరడగండి, మైకు వెనక్కి పంపిస్తున్నారు.