ఎపిసోడ్ 58: నాలుగేళ్ల ఇంటర్వెల్

చంటి: ఎర్ర లైటు వెలిగిందా?

కల్యాణి: వెలిగింది. నేనే చూశాను. ఎపిసోడ్ 31 మళ్లీ జరగదు.

చంటి: దాని ఊసెత్తకూడదని ఒప్పందం కదా అక్కా. సరే, అందరికీ నమస్కారం. ఇవాళ్టి విషయం యానిమేషన్ స్పైడర్‌మ్యాన్ సినిమాలు స్పైడర్‌వర్స్ ఉన్నాయి కదా, వాటి మూడో భాగం, ‘బియాండ్ ది స్పైడర్‌వర్స్’. 2027 జూన్‌లో అంటున్నారు. అందులో ఏముండాలి, ఏముండకూడదు అని మీరు పంపినవన్నీ రాసుకొచ్చాను. రెండు పేజీలయ్యాయి.

కల్యాణి: గంట తెచ్చావా?

చంటి: ఇదిగో. (గంట) నువ్వు ఇసుక అన్న ప్రతిసారీ. కిందటివారం పదకొండు.

కల్యాణి: పది. ఒకటి ఇసుక గడియారం, అది లెక్కలోకి రాదు.

చంటి: వస్తుంది. (గంట) ఇప్పుడు కూడా. సరే, మొదటిది. చాలామంది ఇదే అడిగారు. సూపర్‌హీరోలకి మూడో సినిమా అచ్చిరాదని ఒక సెంటిమెంట్ ఉంది కదా, ఇదీ అంతేనా అని. నాకైతే భయంగానే ఉంది. 1983లో సూపర్‌మ్యాన్ మూడోది. 2004లో బ్లేడ్ మూడోది. 2006లో ఎక్స్‌మెన్ మూడోది. 2007లో...

కల్యాణి: ఆగు.

చంటి: 2007లో స్పైడర్‌మ్యాన్ మూడోది. అనేశాను.

కల్యాణి: అందులో శాండ్‌మ్యాన్, అదే ఇసుక మనిషి విలన్, పుట్టే సీను...

(గంట)

కల్యాణి: కొట్టుకో. ఆ సీనులో ఒక్క మాట ఉండదు. రేణువు రేణువు కలిసి చెయ్యి అవుతుంది. కూతురి ఫోటో ఉన్న లాకెట్ కోసం ఆ చెయ్యి చాస్తాడు. వేళ్లు పొడిపొడిగా రాలిపోతాయి. మళ్లీ కూడదీసుకుని లేస్తాడు. అంత సీను ఉన్న సినిమాని తీసుకెళ్లి నీ చెత్త లిస్టులో పెడితే ఎలారా?

చంటి: సీను గొప్పది, సినిమా చెడింది. డబ్బులొచ్చాయిలే, అది వేరే మాట.

కల్యాణి: ఎందుకు చెడిందో అది చెప్పు. వెనమ్ అనే ఇంకో విలన్ వల్ల. దర్శకుడు శామ్ రైమీకి ఆ పాత్ర మీద మోజు లేదు. ఫ్యాన్స్ అడుగుతున్నారు, పెట్టాల్సిందే అని నిర్మాత అవి అరాద్ ఒప్పించాడు. అప్పటికే శాండ్‌మ్యాన్ ఉన్నాడు, (గంట) పగబట్టిన స్నేహితుడు హ్యారీ ఉన్నాడు. ఒకే పీట మీద ముగ్గురు పెళ్లికొడుకులు. అందుకే నాకు శాపాల మీద కంటే నీ చేతిలో ఉన్న ఆ రెండు పేజీల మీద ఎక్కువ భయం.

చంటి: ఇవి మన శ్రోతల కోరికలు అక్కా!

కల్యాణి: వెనమ్ కూడా కోరికే.

చంటి: మరి ఎక్స్‌మెన్? అక్కడ ఎవరు ఏం కోరారు?

కల్యాణి: అక్కడ క్యాలెండర్. మొదటి రెండూ తీసిన బ్రయాన్ సింగర్ సూపర్‌మ్యాన్ సినిమాకి వెళ్లిపోయాడు. తర్వాత మాథ్యూ వాన్ వచ్చాడు, షూటింగ్ మొదలవకముందే తప్పుకున్నాడు. చివరికి బ్రెట్ రాట్నర్ చేతికి వచ్చింది. మనుషులు మారుతున్నారు కానీ రిలీజు నెల మాత్రం మారలేదు, మే అంటే మే. ముహూర్తం ముందు పెట్టుకుని పిల్లని తర్వాత వెతికినట్టు.

చంటి: ఇవాళ నీకు పెళ్లి పోలికలే వస్తున్నాయేంటి?

కల్యాణి: నిన్నంతా పిన్ని ఫోన్లోనే ఉంది. అది తర్వాత.

చంటి: అదే ఎక్స్‌మెన్ వరసలో 2016లో ‘అపోకలిప్స్’ వచ్చింది కదా. అందులో పిల్లలందరూ ఓ సినిమా చూసి బయటికొస్తారు, మూడోదెప్పుడూ చెత్తగానే ఉంటుందని జీన్ అంటుంది. 2006 నాటి తమ సినిమాకే చురక. తీరా చూస్తే ఆ కుర్ర ఎక్స్‌మెన్ సినిమాల్లో ఇదే మూడోది!

కల్యాణి: అది నాకిష్టం. తన గొయ్యి తనే తవ్వుకుని పైన పూలు కూడా చల్లుకున్నారు. కానీ ‘లోగన్’ని ఎందుకు వదిలేశావు? 2017. వుల్వరిన్ మూడోది. గార్డియన్స్ మూడోదీ వదిలేశావు. 2018లో దర్శకుడు జేమ్స్ గన్‌ని తీసేసి, మరుసటేడు మళ్లీ పిలిచారు. సినిమా 2023లో వచ్చింది. ఆలస్యమైంది, బాగుంది.

చంటి: అదిగో, ఆలస్యం దగ్గరికే వద్దామనుకుంటున్నా. నా గొడవ అదే. రెండో భాగానికి మొదట పెట్టిన పేరులో ‘పార్ట్ వన్’ అని ఉంది. 2021 డిసెంబర్లో టీజర్ వేసినప్పుడు కూడా ఉంది. తర్వాత తీసేశారు. నేనేమో ఏ వార్తా చదవకుండా, ట్రైలరు కూడా చూడకుండా వెళ్లాను. 140 నిమిషాలు. మన హీరో మైల్స్ ఇంటికెళ్లాననుకున్నాడు, అది వేరే ప్రపంచం. అక్కడ నాన్న లేడు, బాబాయి ఉన్నాడు. తననే తీసుకెళ్లి పంచింగ్ బ్యాగుకి కట్టేశారు. ఎదురుగా ఇంకో మైల్స్, వాడే ప్రౌలర్ అనే విలన్. నేను సీటు చివరికొచ్చి కూర్చున్నా. తర్వాత ఏమైంది?

కల్యాణి: సశేషం.

చంటి: సశేషం! ఇంటర్వెల్ బ్యాంగ్ వేసి ఇంటికి పంపేశారు.

కల్యాణి: ఆ బ్యాంగ్ బాగుందా లేదా?

చంటి: బాగుంది. అందుకే కోపం. అప్పట్లో, అంటే 2023 జూన్‌లో, మూడోది 2024 మార్చి 29 అన్నారు. పది నెలలే కదా, ఓర్చుకుందాం అనుకున్నా. అది కాస్తా తీసేశారు. ఇప్పుడు నాలుగేళ్లు. ఏ ఇంటర్వెల్ అయినా నాలుగేళ్లు ఉంటుందా?

కల్యాణి: కట్టప్ప...

చంటి: ఆ పేరెత్తితే వేరే గంట ఉంది, గుర్తుందా?

కల్యాణి: సరే సరే. కానీ నువ్వు మోసం అనే మాట వాడబోతున్నావు, నాకు తెలుసు.

చంటి: మోసమే. సగం కథ చూపిస్తున్నప్పుడు సగం అని చెప్పాలి. పోస్టరు మీద రెండు మాటలు, అంతేగా.

కల్యాణి: దానికి ఒప్పుకుంటా. పేరులోంచి తీయకుండా ఉండాల్సింది. కానీ ఆలస్యాన్ని మోసం అంటే మాత్రం ఒప్పుకోను. ఆ మార్చి తేదీ మొదట్నుంచీ అబద్ధంలా అనిపించింది నాకు. రెండో భాగానికి వెయ్యిమంది దాకా పనిచేశారు. 140 నిమిషాలు, సెకనుకి 24 ఫ్రేములు. రెండు లక్షలు దాటుతాయి. అంత పని ఇంకోసారి పది నెలల్లో ఎక్కణ్నుంచి వస్తుందిరా?

చంటి: ముందే మొదలుపెట్టి ఉంటారు కదా.

కల్యాణి: మొదటి భాగంలో అడవి సీను గుర్తుందా, ఇద్దరూ చెట్ల మధ్య ఊగుతూ పోయేది? చెయ్యి తిరిగిన స్పైడర్‌మ్యాన్ పీటర్ ప్రతి ఫ్రేములోనూ కదులుతాడు. మైల్స్ రెండు ఫ్రేములకోసారి కదులుతాడు. పక్కపక్కనే, ఒకే షాటులో. అందుకే వాడికింకా చేతకాలేదని మనకి తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరో కూర్చుని ఆలోచిస్తే వచ్చిందది. తేదీ తరుముతుంటే అలాంటివి రావు.

చంటి: అబ్బ, బాగుంది. కానీ నేను టికెట్టు కొన్నవాడిని. నాకు కథ బాకీ ఉన్నారు.

కల్యాణి: 2023లో పత్రికల్లో వచ్చింది చదివావా? సుమారు వందమంది పని ఒత్తిడికి తట్టుకోలేక మధ్యలోనే వెళ్లిపోయారని. అయిపోయిన షాట్లు మళ్లీ మళ్లీ మార్పించారని.

చంటి: చదివాను.

కల్యాణి: నేను రోటో, అంటే ఫ్రేము ఫ్రేములో బొమ్మ అంచు గీసే పని, చేశాను కదా రెండేళ్లు. కంపెనీ పేరు అనవసరం. ఒకసారి పదకొండు సెకన్ల షాటు ఇచ్చారు. ఒక అమ్మాయి, గాలి, విరబోసుకున్న జుట్టు. వెనకున్న ఆకాశం మార్చాలి. అంటే 264 ఫ్రేముల్లో ఆ జుట్టు అంచు గీయాలి, పాయపాయకీ. మూడు వారాలు పట్టింది. కళ్లు మూసుకున్నా వెంట్రుకలే కనిపించేవి. ఇచ్చేశాక రెండు రోజులకి షాటే తీసేశారన్నారు. మెయిల్లో ఒక్క లైను.

చంటి: ఇది నువ్వెప్పుడూ చెప్పలేదు.

కల్యాణి: చెప్పడానికేముంది? నేను ఆ ఇసుక సీను అంతసార్లు ఎందుకు చూస్తానో తెలుసా? దాన్ని తీసేయలేదు. ఎవరు చేశారో గానీ, వాళ్ల పని తెర మీద మిగిలింది.

చంటి: ...

కల్యాణి: గంట కొట్టలేదేం?

చంటి: చెయ్యి ఖాళీ లేదు. సరే, పేజీలు. గబగబా చదివేస్తా. ఒకటి, విలన్ స్పాట్‌ని మళ్లీ జోకర్‌ని చేయొద్దు. చిల్లర కొట్లో ఏటీఎం ఎత్తుకెళ్లలేక తంటాలుపడ్డ మనిషి అంత భయంకరంగా తయారయ్యాడు, అది నిలబెట్టాలి.

కల్యాణి: అవును.

చంటి: రెండు, దర్శకులు మారారని టెన్షన్. ఈసారి బాబ్ పెర్సిచెట్టి, జస్టిన్ థాంప్సన్.

కల్యాణి: కొత్తవాళ్లేం కాదు. బాబ్ మొదటిది తీసినవాళ్లలో ఒకడు, జస్టిన్ రెండోది తీసినవాళ్లలో ఒకడు. తర్వాత.

చంటి: మూడు, మైల్స్ వాళ్ల నాన్న బతకాలి. దీనికి మాత్రం చాలామంది రాశారు. కెప్టెన్ అయితే చావాల్సిందే, అది రాసిపెట్టి ఉంది అని స్పైడర్‌మ్యాన్‌ల నాయకుడు మిగెల్ అంటాడు కదా. ఆయన బతికితేనే కథ గెలిచినట్టు అంటున్నారు.

కల్యాణి: బతుకుతాడు. కానీ ఊరికే బతికిస్తే ఊరుకోను. ఏదో ఒకటి పోవాలి.

చంటి: ఎవరు పోవాలంటావు?

కల్యాణి: ఎవరో ఒకరని కాదు. మైల్స్ తన ఇష్టప్రకారం ఏదో వదులుకోవాలి. ఏంటని అడగకు, అడిగితే అదీ నీ రెండు పేజీల్లోకి పోతుంది.

చంటి: నాలుగు, మైల్స్ స్నేహితురాలు గ్వెన్ పోగేసిన జట్టులో ప్రతివాడికీ ఓ సీను...

కల్యాణి: ముగ్గురు పెళ్లికొడుకులు!

చంటి: తెలుసు, తెలుసు. అయిదు నాది. నాకు మొదట్నుంచీ ఒకటి అరగడం లేదు. ఆ రెండో ప్రపంచంలో మైల్స్ వాళ్లమ్మ. తన కొడుక్కి జడలున్నాయి. ఈ మైల్స్‌కి లేవు. ఎదురుగా నిలబడ్డాడు, మాట్లాడాడు, ఆవిడ గుర్తే పట్టలేదు. అమ్మ గుర్తుపట్టదా? అది కథలో తప్పు.

కల్యాణి: పడుతుంది. జుట్టు గురించి ఏదో అంటుంది.

చంటి: అనదు.

కల్యాణి: అంటుందిరా. తల నిమురుతూ.

చంటి: అక్కా, నేను నాలుగుసార్లు చూశాను. అనదు.

కల్యాణి: జుట్టు విషయంలో నాతో వాదించకు. మూడు వారాలు గీశాను.

చంటి: అది వేరే జుట్టు!

కల్యాణి: పెట్టు. ఇప్పుడే పెట్టు, చూద్దాం.

చంటి: రికార్డింగ్ నడుస్తోంది.

కల్యాణి: ఆపేయ్. చివరి పావుగంటకి జరుపు... ఇంకా వెనక్కి. అదిగో, ఆ ఆకుపచ్చ గది...