నలభై ఒక్క డిమాండ్ల నోటుబుక్కు

శ్రోతలందరికీ నమస్కారం.

బరంపురంలో మా వీధి చివర ఒక టీ బడ్డీ ఉంది. గోడౌన్లకు వెళ్లే హమాలీలు పొద్దున్న ఏడింటికి అక్కడ ఆగుతారు. రెండు నెలల క్రితం వాళ్లలో ఒకాయన ఒక లాంగ్ నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "మాస్టారూ, దీన్ని కాస్త మేనిఫెస్టోలాగా రాసి పెట్టాలండి" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా బియ్యం బస్తాలు, ఉల్లి బస్తాలు మోస్తున్న మనిషి. ఈసారి అసెంబ్లీకి నిలబడతాడట. ఎన్నికలు 2029లో కదా, ఇప్పటినుంచీ ఏం తొందర అన్నాను.

"మా వాళ్లు చాలామంది సూరత్‌లో ఉంటారండీ. ఏడాదికోసారి వస్తారు. నోటిఫికేషన్ పడ్డాక మొదలెడితే ఎవరికని చెప్పను?" అన్నాడు.

ఆయన పేరు చెప్పను, పార్టీ ఊసెత్తను. రేడియోలో అది కుదరదు కూడా. ఆ నోటుబుక్కు సంగతి మాత్రం చెబుతాను.

అందులో నలభై ఒక్క డిమాండ్లున్నాయి. కొన్ని తెలుగులో రాసినవి, కొన్ని ఒడియా అక్షరాలతో రాసిన తెలుగు. మా ఊళ్లో ఇది వింతేం కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్లో ఒడియా చదివితే చేతిరాత అలాగే తయారవుతుంది. మొదటి డిమాండు సూరత్ వెళ్లే రైళ్లకు జనరల్ బోగీలు పెంచాలని. రెండోది పీఎఫ్ పింఛను పెంచాలని. మూడోది వాళ్ల సందులో దీపం వెలగడం లేదని.

ముందుగా ఒక పేజీ తీసుకుని మూడు గడులు గీశాం. ఢిల్లీ, భువనేశ్వర్, మునిసిపల్ కార్పొరేషన్. రైలు బోగీలు ఢిల్లీ చేతిలో ఉన్నాయి. పీఎఫ్ పింఛనూ అంతే. దాని కనీస మొత్తం 2014 నుంచి 1,000 రూపాయల దగ్గరే ఉంది, అది మార్చే అధికారం ఏ ఎమ్మెల్యేకీ లేదు. వీధి దీపం కార్పొరేషన్‌ది. వీటి గురించి ఎమ్మెల్యే ఉత్తరం రాయగలడు, ధర్నాకు కూర్చోగలడు. "ఉత్తరం రాయడానికి ఎమ్మెల్యే అవ్వాలా ఏంటి? ఇప్పుడే రాసేద్దాం" అన్నాడాయన. ఆ ఉత్తరాలన్నీ ఆ రోజే రాశాం. ఎమ్మెల్యే చేతిలో లేనివన్నీ ఇలా తీసేస్తే డిమాండ్లు తొమ్మిదికి దిగాయి.

ఆ తర్వాత డబ్బు సంగతి. అసెంబ్లీ నామినేషన్‌కు డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటి రాకపోతే ఆ డబ్బు పోయినట్టే. గుర్తింపు ఉన్న పార్టీ టికెట్ లేకపోతే, ఆ నియోజకవర్గం ఓటర్లు పది మంది ప్రతిపాదిస్తూ సంతకాలు పెట్టాలి. ఒడిశాలో అభ్యర్థి 40 లక్షల దాకా ఖర్చు పెట్టుకోవచ్చని చెబితే నా మొహం అలాగే చూసి, "పెట్టి తీరాలని రూలా మాస్టారూ?" అని అడిగాడు. అఫిడవిట్లో ఆస్తులు, అప్పులు, పోలీసు కేసులు రాయాలని చూపించాను. ఆస్తుల గడి దగ్గర నవ్వాడు. అప్పుల గడి దగ్గర నవ్వలేదు.

అసలు ఖర్చు ఇవేవీ కావు. ప్రచారానికి తిరిగిన రోజు కూలి రాదు. నెల్లాళ్లు బస్తా ఎత్తకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. దీని మీద వాళ్ల ముఠా, అంటే కలిసి బస్తాలు మోసే పన్నెండు మంది, కూర్చుని మాట్లాడుకుంది. ఆయన రాని రోజుల్లో కూడా ఆయన వాటా ఆయనకు తీసి ఉంచుతారట. పన్నెండు మంది పనిని పదకొండు మంది చేసి పన్నెండు వాటాలు వెయ్యడమంటే ఏమిటో ఆ బస్తాలు చూసినవాళ్లకు తెలుస్తుంది.

మిగిలిన తొమ్మిదిలో ఒకటి నన్ను వారం రోజులు కూర్చోబెట్టింది. "హమాలీలకు పీఎఫ్ కావాలి" అని ఒకే ఒక్క ముక్క. ఎవరు కట్టాలి? హమాలీకి పొద్దున్న ఒక షావుకారు లారీ, మధ్యాహ్నం ఇంకొకరి గోడౌన్. బస్తాకింత అని లెక్క. వచ్చింది ముఠా పంచుకుంటుంది. మెడ పట్టేసినా, పలక మీద కాలు జారినా "వీడు నా మనిషి కాదు" అని ఇరవై మంది షావుకార్లూ అనగలరు. అందులో అబద్ధమూ లేదు. పీఎఫ్, ఈఎస్‌ఐ చట్టాలు యజమాని ఎవరని అడుగుతాయి. హమాలీకి యజమానులు ఎక్కువై, చివరికి ఎవరూ లేకుండా పోయారు.

ఈ చిక్కును మహారాష్ట్ర 1969లోనే ఒక దారికి తెచ్చింది. మాథాడీ చట్టం అంటారు. మరాఠీలో మాథా అంటే తల, తలమీద బరువు మోసేవాడు మాథాడీ. ఆ కార్మికులను కూడగట్టిన నాయకుడు అన్నాసాహెబ్ పాటిల్. పద్ధతి ఇలా ఉంటుంది. షావుకార్లు ఒక బోర్డులో నమోదవుతారు, మోసేవాళ్లూ అక్కడే నమోదవుతారు. ఎవరి సరుకు ఎంత దించారో లెక్క కట్టి ఆ కూలి, దాని మీద కొంత శాతం లెవీ కలిపి షావుకారు బోర్డుకు కడతాడు. కూలి బోర్డు నుంచి కార్మికుడికి వస్తుంది. లెవీలోంచి పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవు జీతం, వైద్యం నడుస్తాయి. యజమాని ఎవరన్న తగువే లేదు, బోర్డు మధ్యలో నిలబడుతుంది. కేరళ కూడా 1978లో తల మీద బరువులు మోసేవాళ్ల కోసం చట్టం చేసింది.

అక్కడంతా సవ్యంగా ఉందని నేననను. మాథాడీల పేరు చెప్పి వ్యాపారులను బెదిరించి వసూళ్లు చేస్తున్నారని మహారాష్ట్రలో ఫిర్యాదులున్నాయి. కేరళలో అయితే, పని చెయ్యకుండా పక్కన నిలబడి చూసినందుకు అడిగే కూలికి నోక్కుకూలి అని పేరే పడింది. నోక్కు అంటే చూడ్డం. 2018 మే 1 నుంచి ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఈ కథ మా షావుకార్లకు తెలియకుండా ఉండదు, రేపు మీటింగులో అడుగుతారు. అందుకని "మొయ్యని బస్తాకు కూలి అడగం" అని మేమే ముందు రాసుకున్నాం. ఆ వాక్యం మీద ముఠాలో ఇద్దరు ముగ్గురికి కోపం వచ్చింది. ఆయన మాత్రం కొట్టెయ్యనివ్వలేదు.

కార్మిక విషయాలు రాజ్యాంగంలో కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చెయ్యగల ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, కాబట్టి ఒడిశా అసెంబ్లీ ఇలాంటి చట్టం చెయ్యగలదు. అయితే ఆ సభలో 147 మంది. ఒంటరి సభ్యుడు పెట్టిన బిల్లు నెగ్గుతుందా? ఆయన దగ్గర దాచలేదు. పార్లమెంటులోనే 1970 తర్వాత ప్రైవేటు సభ్యుడి బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లు, ఒక్కటి కూడా చట్టం కాలేదు. "మరైతే ఏం రాయమంటారు?" అన్నాడు. ప్రశ్నలు అడుగుతానని రాయమన్నాను. మన జిల్లాలో ఎంతమంది హమాలీలు నమోదయ్యారు, గోడౌన్లలో దెబ్బలు తగిలినవాళ్లకు ఎంత ఇచ్చారు అని సభలో ప్రశ్న పెడితే మంత్రి జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. ఇదంతా చప్పగా ఉంటుంది, చప్పట్లు పడవు. అయినా ఎమ్మెల్యే పనిలో సగం ఇదే.

ఇక్కడ గిరిగారి మాట ఒకటి చెప్పాలి. వరాహగిరి వెంకటగిరి 1894లో పుట్టింది మా ఊళ్లోనే. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘంలో పనిచేసి, 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజానే ఓడించి, మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. ఢిల్లీలోనూ అదే శాఖ చూశారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసిందని 1954లో ఆ పదవి వదిలేశారు. మా అభ్యర్థికి బొబ్బిలి కథ తెలుసు, రాజీనామా కథ తెలియదు. విన్నాక, "రాజాను ఓడించడం కంటే అదే కష్టం కదండీ" అన్నాడు.

గిరిగారు చదువుకున్న ప్లీడరు. కార్మికుల బస్తీల్లోంచి వచ్చిన తెలుగువాడు కావాలంటే షోలాపూర్ చూడాలి. అక్కడి ఆడం నర్సయ్య, మిల్లు కార్మికుడి కొడుకు, 1978, 1995, 2004లో మహారాష్ట్ర శాసనసభకు గెలిచారు. బీడీలు చుట్టే ఆడవాళ్లకు సొంత ఇల్లు అన్న ఒక్క మాట పట్టుకుని దశాబ్దాలు తిరిగారు. 2006లో పదివేల ఇళ్లు పూర్తయ్యాయి. ఆ తర్వాత రేనగర్ అని 30,000 ఇళ్ల కాలనీ మొదలైంది, అందులో 15,000 ఇళ్లు 2024 జనవరిలో చేతికొచ్చాయి. అప్పటికి ఆయన ఎమ్మెల్యే కాదు. 2009 నుంచి ఓడిపోతూనే ఉన్నారు. ఇది చెప్పాలా వద్దా అని నేను తటపటాయించాను. చెప్పేశాను. మా అభ్యర్థి టీ గ్లాసు కింద పెట్టి, "ఇళ్లయితే వచ్చాయి కదా" అన్నాడు.

సూరత్ విషయానికొస్తే, ఒడిశాలో అడ్వాన్సు తీసుకుని సర్దార్ వెంట, అంటే కూలీలను పోగుచేసే మేస్త్రీ వెంట, వలస పోయేవాళ్లను దాదన్ కూలీలంటారు. వాళ్ల కోసం ఈ రాష్ట్రం 1975లోనే చట్టం చేసింది, 1979లో దేశమంతటికీ ఒకటి వచ్చింది. ఆ 1979 చట్టంలో ఊరు విడిచి వెళ్లినందుకు నెల కూలిలో సగం వేరేగా ఇవ్వాలని ఉండేది, తిరిగి కట్టక్కర్లేదు. ఎంతమందికి అందిందో మీరే ఊహించుకోండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్లలో దారి ఖర్చులైతే ఉన్నాయి, ఆ సగం నెల భత్యం లేదు. అది మళ్లీ తేవడం ఎమ్మెల్యే వల్ల కాదు. సూరత్‌లో మనవాడు చనిపోతే శవాన్ని ఇంటికి చేర్చడానికి చందాలు ఎత్తుకునే పని లేకుండా, ఫోన్ చేస్తే తెలుగు, ఒడియా రెండూ అర్థమయ్యే ఒక ఆఫీసు అక్కడ పెట్టించమని రాష్ట్రాన్ని పట్టుబట్టడం మాత్రం అవుతుంది. అదే రాశాం. దూరంగా ఉన్నవాళ్లు అక్కడినుంచే ఓటేసే మిషన్ గురించి ఎన్నికల సంఘం 2022 చివర్లో చెప్పింది, ఇంకా రాలేదు. కాబట్టి ఆయనకు పడాల్సిన ఓట్లు పోలింగ్ రోజున సూరత్‌లో వాళ్లు పనిచేసే మగ్గాల దగ్గరే ఉంటాయి.

కాగితం అయిపోయిందనుకున్నాం. టీ బడ్డీలో గట్టిగా చదివి వినిపించాడు. అంతా విన్నాక బడ్డీ నడిపే ఆవిడ, "అన్నీ బాగున్నాయి గానీ బాబూ, ఇందులో ఆడమనిషి ఎక్కడుంది?" అంది. ఇద్దరం కాగితం తిప్పి చూశాం. నిజంగానే లేదు. నలభై ఒక్కటిలోనూ లేదు. బజార్లో కూర్చునే ఆడవాళ్లు పొద్దున్న నుంచి మంచినీళ్లు తాగరని, తాగితే ఎక్కడికి వెళ్లాలో తెలియదని ఆవిడ చెప్పింది. నేను ముప్ఫై ఏళ్లుగా అదే బజార్లో కూరలు కొంటున్నాను.

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఊరికో వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో నూటికి నలభై మంది వీధి వ్యాపారులే, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఆ కమిటీ కూర్చుందా, ఎప్పుడు కూర్చుంది, మరుగుదొడ్డి మాట ఎత్తిందా అని సభలో అడుగుతానని రాసుకున్నాడు. దాన్ని అన్నిటికంటే పైన పెట్టమన్నాడు. హమాలీ బోర్డు రెండోదైంది.

పోయిన ఆదివారం ప్రెస్సుకు వెళ్లాం. ఎన్నికల కరపత్రం మీద అచ్చువేసిన వాళ్ల పేరు, వేయించిన వాళ్ల పేరు, చిరునామాలు ఉండాలి. వేయించిన మనిషి డిక్లరేషన్ మీద, ఆయన్ను స్వయంగా ఎరిగిన ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి. ప్రెస్సాయన ఆ కాగితం ముందు పెట్టాడు. మా అభ్యర్థి దాన్ని టీ బడ్డీకి పట్టుకొచ్చాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుని, ముందు ఆ మొదటి వాక్యం ఒకసారి చదవమంది. చదివాడు. మళ్లీ చదవమంది. అప్పుడు సంతకం పెట్టింది. రెండో సంతకం నాది.

నమస్కారం.