మెడికెయిడ్‌లో డూలా: కార్డులో ఉన్న సాయం కాన్పు గదిదాకా రావాలంటే

[తెర మీద: మంచం అంచున ముందుకు వంగి కూర్చున్న గర్భిణి, వెనక నిలబడిన డూలా]

నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ బయటపడేదాకా గర్భిణి పక్కనుంచి కదలని మనిషి డూలా. నర్సుకు ఇంకో పేషెంటు ఉండొచ్చు, షిఫ్టు అయిపోతే ఇంటికి వెళ్లాలి. డాక్టరు మధ్యమధ్యలో వచ్చి చూసి వెళ్తారు. గంటల తరబడి ఒక్క మనిషినే కనిపెట్టుకుని ఉండటం డూలా పని.

ఆమె చేతులు ఏం చేస్తున్నాయో చూడండి. నొప్పి మొదలవగానే మణికట్టు దగ్గరి అరచేతి భాగాన్ని నడుము కింద, రెండు తుంటి ఎముకల మధ్యనున్న త్రికాస్థి మీద ఆనించి గట్టిగా నొక్కి పట్టింది. బిడ్డ తల వెనక భాగం తల్లి వెన్ను వైపు ఉన్నప్పుడు నడుంనొప్పి బాగా బాధిస్తుంది. అప్పుడు ఈ ఒత్తిడి చాలామందికి ఉపశమనం ఇస్తుంది. నొప్పి తగ్గగానే చేయి తీసి గుక్కెడు నీళ్లు తాగిస్తుంది. ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు, ఇచ్చాక కాళ్లు సరిగా కదలవు కాబట్టి, పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య వేరుశనగకాయ ఆకారంలో ఉండే బంతి పెట్టి, కొంతసేపటికోసారి వైపు మార్చడంలో నర్సుకు సాయపడుతుంది.

లోపలి పరీక్ష చేయదు, బిడ్డ గుండె చప్పుడు చూడదు, మందివ్వదు, తల్లి బదులు నిర్ణయం తీసుకోదు. మీరు అడగాలనుకున్న ప్రశ్న మర్చిపోతే గుర్తుచేస్తుంది.

ఇలా పక్కన ఉండటం వల్ల ఫలితం ఉందా? 2017లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 17 దేశాల్లో జరిగిన 26 ప్రయోగాలను, 15 వేలకు పైగా మహిళల వివరాలను కలిపి చూసింది. ఎడతెగని తోడు ఉన్నవాళ్లలో సిజేరియన్ అవకాశం దాదాపు నాలుగో వంతు తక్కువగా కనిపించింది. నొప్పుల సమయం సగటున 40 నిమిషాలు తగ్గింది. ఆధారాల నాణ్యత తక్కువని ఆ సమీక్షే చెప్పింది కాబట్టి అంకెలను ఇనుప గీతల్లా తీసుకోకూడదు. అయినా సానుకూల కాన్పు అనుభవం గురించి 2018లో ఇచ్చిన సిఫారసుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, తల్లి కోరుకున్న తోడు మనిషిని కాన్పు గదిలో ఉండనివ్వాలని చెప్పింది.

ఇక డబ్బు సంగతి. అమెరికాలో దాదాపు పదిలో నాలుగు కాన్పుల ఖర్చు మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, భరిస్తుంది. డూలాను సొంత డబ్బుతో పెట్టుకోలేనివాళ్లు ఎక్కువగా ఉండేది అక్కడే. ఆరెగాన్, మిన్నెసోటా రాష్ట్రాలు ముందుగా డూలాలకు చెల్లించడం మొదలుపెట్టాయి. కాలిఫోర్నియా 2023 జనవరి 1న, న్యూయార్క్ 2024లో చేరాయి. అయితే కవరేజీ ప్రకటించగానే డూలా దొరికేయదు. ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం.

[తెర మీద: లెక్క ఒక్కో వరుసగా వస్తుంది]

మొదటి అడ్డంకి రేటు. ఒక కాన్పుకు నమూనా లెక్క వేద్దాం. కాన్పుకు ముందు మూడు సందర్శనలు, తర్వాత మూడు, ఒక్కోటి గంటన్నర: 9 గంటలు. నొప్పుల దగ్గర 16 గంటలు. ఏడుసార్లు రానుపోను ప్రయాణం గంట చొప్పున 7. ఫోన్లు, కాగితాలకు 4. మొత్తం 36 గంటలు. రాష్ట్రం 600 డాలర్లు ఇస్తే గంటకు 17 డాలర్లు కూడా రావు. అందులోంచే సొంత పన్ను, పెట్రోలు, తాను రాలేనప్పుడు వచ్చే బదులు డూలాకు ఇచ్చే వాటా. పైగా 38వ వారం నుంచి 42వ వారం దాకా ఏ అర్ధరాత్రైనా ఫోను రావొచ్చు, కాబట్టి నెలకు మూడు నాలుగు కాన్పులకు మించి ఒప్పుకోవడం కష్టం. ఆరెగాన్ మొదట్లో ఇచ్చింది కాన్పుకు 75 డాలర్లు. తర్వాత 350 చేసింది, 2022లో 1,500కు పెంచింది. మన లెక్కలో 1,500 అంటే గంటకు సుమారు 42 డాలర్లు. 75 డాలర్లకు ఎవరూ రాకపోతే, ఈ సేవ ఎవరికీ అక్కర్లేదని కాదు అర్థం. ఈ తేడా అధికారులు గట్టిగా పట్టించుకోవాలి.

రెండోది సిఫారసు. చాలా రాష్ట్రాలు డూలా సేవను నివారణ సేవల కింద చేర్చాయి. ఆ నిబంధన ప్రకారం లైసెన్సున్న వైద్య నిపుణుడు సిఫారసు చేయాలి, సేవ మాత్రం లైసెన్సు లేనివారు చేయొచ్చు. ఆ కాగితం కోసం గర్భిణి క్లినిక్ చుట్టూ తిరిగితే వారాలు పోతాయి. దీనికి విరుగుడు రాష్ట్రవ్యాప్త స్థాయీ సిఫారసు: రాష్ట్ర ఆరోగ్య శాఖలోని వైద్యాధికారి ఒక్కసారి సంతకం చేస్తే అర్హులందరికీ వర్తిస్తుంది. కాలిఫోర్నియా 2023 నవంబరులో, న్యూయార్క్ 2024లో ఇలాగే చేశాయి.

మూడోది డూలా నమోదు. ఎన్‌పీఐ నంబరు (ఆరోగ్య సేవలు అందించేవారి జాతీయ గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి, రాష్ట్ర మెడికెయిడ్‌లో ప్రొవైడరుగా చేరాలి, ఆ పైన మెడికెయిడ్ తరఫున బీమా నడిపే ఒక్కో ప్లాన్‌తో విడిగా ఒప్పందం చేసుకోవాలి. కాలిఫోర్నియాలో శిక్షణ దారిలో వెళ్లేవారికి కనీసం 16 గంటల శిక్షణ, మూడు కాన్పుల్లో తోడున్న అనుభవం కావాలి. అనుభవం దారి వేరే ఉంది, అది ఉండి తీరాలి. ఏళ్ల తరబడి తమ వాళ్లకు కాన్పుల్లో తోడున్నవాళ్లను సర్టిఫికెట్ లేదని బయటే ఉంచేయడం అన్యాయం.

ఒంటరిగా పనిచేసే డూలా అలసిపోయేది బిల్లింగు దగ్గర. గర్భం మధ్యలో ప్లాన్ మారింది, సందర్శన తేదీ తప్పు పడింది, సిఫారసు జత చేయలేదు: క్లెయిము వెనక్కి వస్తుంది. కొందరు డూలాలు ఒక సంస్థగా చేరి, బిల్లింగుకు ఒక మనిషిని పెట్టుకుంటే ఈ భారం పంచుకోవచ్చు, బదులు డూలా కూడా లోపలే దొరుకుతుంది.

[తెర మీద: ఫోను, పక్కన నోట్‌బుక్కు]

మీరు గర్భిణి అయితే వీలైతే 20వ వారం లోపే మొదలుపెట్టండి. ప్లాన్ కార్డు వెనకున్న సభ్యుల నంబరుకు ఫోన్ చేసి అడగండి: డూలా కవరేజీ ఉందా, ఎన్ని సందర్శనలు, ముందస్తు అనుమతి కావాలా, సిఫారసు ఎవరిస్తారు, నా భాష మాట్లాడే డూలాలు ఎవరు, గర్భస్రావం అయితే కూడా వర్తిస్తుందా. మాట్లాడినవారి పేరు, తేదీ రాసుకోండి. కాలిఫోర్నియాలో ఉదాహరణకు మొదటి సందర్శన, మరో ఎనిమిది సందర్శనలు, కాన్పులో తోడు, కాన్పయ్యాక రెండు పొడవాటి సందర్శనలు వస్తాయి.

డూలాతో మాట్లాడేటప్పుడు, మీ నొప్పులు వచ్చిన రాత్రే ఆమె ఇంకో కాన్పులో ఉంటే ఎవరొస్తారో అడగండి. ఆస్పత్రిని విడిగా అడగండి: డూలాను సందర్శకుల లెక్కలో వేస్తారా? వేస్తే భర్తో అమ్మో బయట ఉండాల్సి రావొచ్చు. ఇంకొకటి, మెడికెయిడ్ చెల్లించిన సేవకు డూలా మీ దగ్గర అదనంగా డబ్బు తీసుకోకూడదు.

జాబితాలో ఉన్నవాళ్లెవరికీ ఖాళీ లేదంటే అక్కడితో వదిలేయకండి. కవరైన, అవసరమైన సేవ తన నెట్‌వర్కులో, అంటే తనతో ఒప్పందం ఉన్నవాళ్ల ద్వారా, అందించలేకపోతే మేనేజ్డ్ కేర్ ప్లాన్ (మెడికెయిడ్ తరఫున బీమా నడిపే ప్లాన్) నెట్‌వర్కు బయట ఏర్పాటు చేయాలని ఫెడరల్ నిబంధన ఉంది. ఆ మాట ఫోనులో కాకుండా రాతపూర్వకంగా అడగండి. కుదరదంటే ఆ జవాబు కూడా కాగితం మీదే ఇమ్మనండి. అప్పీలుకు పనికొచ్చేది ఆ కాగితమే.