ముందు గదిని వినండి

అందరికీ నమస్కారం. ఏ నగరానికి వెళ్లినా కచేరీ ఎవరిది, ప్రదర్శన ఎక్కడ, భోజనం ఎక్కడ బాగుంటుంది అని వాకబు చేస్తాం. గది ఎలాంటిదని మాత్రం ఎవరూ అడగరు. నా గోలంతా ఆ గది గురించే.

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం తెరిచారు. అందులోని ఉపన్యాసశాలలో ఎవరైనా మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అన్న మాట దాదాపు 5.5 సెకన్లు గోడల మధ్య తిరుగుతూనే ఉండేది. ఈలోగా వక్త పది పదిహేను మాటలు అనేసేవాడు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడేవి. (ఈ హాలు అలాంటిది కాదన్న నమ్మకంతోనే మాట్లాడుతున్నాను.) దాన్ని బాగుచేసే పని వాలెస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడి మీద పడింది. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల కుషన్లు రాత్రిపూట మోయించుకొచ్చి, కొన్ని కొన్నిగా పరుస్తూ, ఆర్గన్ వాద్యపు గొట్టం మోగించి, శబ్దం ఎంతసేపటికి అణగిపోతుందో కొలిచేవాడు. తెల్లారేసరికి కుషన్లన్నీ మళ్లీ వాటి చోట ఉండాలి. గది పెద్దదయ్యేకొద్దీ శబ్దం ఎక్కువసేపు నిలుస్తుంది, మెత్తటివి పెరిగేకొద్దీ త్వరగా చస్తుంది. ఆ జాగారాల్లో తేలిన ఈ లెక్కతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాల్ లేచింది. నేటికీ మేటి కచేరీ హాళ్లలో దాని పేరు చెబుతారు.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతేమిటంటే, ఆ మెత్తటివాటిలో మనమూ ఉన్నాం. మన ఒళ్లు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఖాళీ హాల్లో రిహార్సల్, నిండు సభలో కచేరీ ఒకేలా వినిపించవు. టికెట్ కొన్న శ్రోత ఊరికే కూర్చున్నా, ఆ నాదంలో అతని చెయ్యి ఉంటుంది.

మ్యూజియంలో అరగంటకే కాళ్లు పీకుతున్నాయా? సిగ్గుపడకండి. వస్తువుల్ని అమర్చిన తీరే మనల్ని వంచి, లేపి అలసగొడుతుందని బోస్టన్ లలితకళల మ్యూజియం కార్యదర్శి బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లోనే ఫొటోలు తీయించి మరీ చూపించాడు. బెంచీ ఉన్న గది చూసుకుని, ఒకే బొమ్మ ముందు కూలబడండి.

ఇక భోజనం. రాతి నేల, గాజు గోడలు, ఎత్తయిన కప్పు ఫొటోల్లో బాగానే ఉంటాయి. పక్క బల్లవాళ్లు మాట్లాడితే మనం గొంతు పెంచుతాం, మనది విని వాళ్లూ పెంచుతారు. రొదలో గొంతు దానంతటదే లేస్తుందని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో రాశాడు. నాలుకకూ నష్టమే: విమానంలో ఉండేటంత రొదలో తీపి కాస్త చప్పబడుతుందని ప్రయోగాల్లో తేలింది.

అందుకే నేను మెనూ కంటే ముందు, తెరలున్న మూల ఎక్కడుందా అని వెతుకుతాను. వెంట వచ్చినవాళ్లు నవ్వుతారు. ఆ మూలన కూర్చున్నాక, వాళ్ల నవ్వు నాకు స్పష్టంగా వినబడుతుంది.