నెలల తరబడి మానని నోటిపూతకు వేడి కారణం కాదు

విజయనగరంలో ఏ మందుల దుకాణం ముందైనా కాసేపు నిలబడండి. "నోరు పూసిందండీ" అనగానే లోపలి నుంచి ఒకటే జవాబు: "వేడి చేసింది, బీకాంప్లెక్స్ వేసుకోండి, మజ్జిగ తాగండి." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మామూలు నోటిపూత వారం పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో దానంతటదే మానుతుంది, పేరు మజ్జిగకు వస్తుంది. నెలలు గడిచినా మానని పుండుకూ అదే సలహానా?

ఇరవయ్యేళ్ల అమ్మాయిని ఊహించుకోండి. బ్రష్ పెడితే చిగురు మీద పొర ఊడి నురగ ఎర్రబడుతుంది. ఆవకాయ ముద్ద నోట్లో పెడితే కళ్ల నీళ్లే. పళ్లు శుభ్రం చేయించుకున్నా తగ్గలేదు. తప్పు పళ్లది కాదు, ఒంటిని కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థే నోటి పొర మీద పడింది.

మన జూటు మిల్లుల గోనెసంచి తీసుకోండి. గుడ్డ ఎంత గట్టిదైనా కుట్టు తెగితే సంచి విచ్చుకుంటుంది. నోటి కణాలను కలిపి ఉంచే కుట్టు డెస్మోగ్లీన్ అనే ప్రోటీన్. పెంఫిగస్ వల్గారిస్ అనే జబ్బులో క్రిములతో పోరాడాల్సిన మన యాంటీబాడీలే ఆ కుట్టును విప్పేస్తాయి. పొక్కు లేస్తుంది, నోట్లో కాబట్టి ఇట్టే చిట్లి పచ్చిపుండు మిగులుతుంది. చాలామందికి చర్మం మీద పొక్కులు రావడానికి నెలల ముందే నోట్లో మొదలవుతుంది.

బయాప్సీకీ, అంటే పరీక్ష కోసం చిన్న ముక్క తీయడానికీ, ఇదే లెక్క. పూర్తిగా విచ్చుకుపోయిన చోట వెతికితే ఏమి దొరుకుతుంది? కుట్టు ఇంకా మిగిలి ఉన్న అంచు కావాలి. అందుకే పుండు నడిమధ్య నుంచి కాకుండా పక్కనుంచి ముక్క తీస్తారు. ఆ యాంటీబాడీలను మెరిసే రంగుతో పట్టిచూపే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు పంపే ముక్కను, మామూలు ముక్కలను నిల్వ ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేస్తే శ్రమంతా వృథా.

లైకెన్ ప్లానస్ అనే మరో జబ్బులో దెబ్బ తినేది కుట్టు కాదు, సంచి అడుగు. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు నోటి పొర అడుగు వరుసను తినేస్తాయి. సాధారణంగా రెండు బుగ్గల లోపలా వలలాంటి తెల్లగీతలు కనిపిస్తాయి. శ్రీకాకుళం పల్లెల్లో నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే అమ్మమ్మల అంగిలి మీది మచ్చల సంగతి వేరు, వాటిని క్యాన్సర్ భయంతోనే చూపించాలి. కానీ పొగాకు ముట్టని పిల్లను "గుట్కా తింటున్నావా" అని నిలదీయడం అన్యాయం.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెబుతాను. పూత పదేపదే వస్తూ, కళ్లు ఎర్రబడి, మర్మావయవాల దగ్గరా పుండ్లు వస్తుంటే బెహ్చెట్ జబ్బు కావచ్చు, కంటి డాక్టరుకూ చూపించండి. ఈ జబ్బులకు డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే వాటిని మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి. పెంఫిగస్‌కు రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ కూడా ఉంది, 2018లో అమెరికాలో దానికి ఆమోదం వచ్చింది. ఇవి అంటువ్యాధులు కావు, ఇంట్లో ఆ అమ్మాయికి గ్లాసు వేరుగా పెట్టనక్కర్లేదు. పెళ్లయి పిల్లలు కావాలనుకుంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి, కొన్ని మందులు గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి మార్చి ఇస్తారు.