కలిసి బతికినవారికి చట్టం ఏమివ్వాలి

(జాతీయ న్యాయసేవా దినోత్సవ సభలో ఒక మహిళా న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, తోటి న్యాయవాదులకు, మండలాల నుంచి వచ్చిన పారా లీగల్ వాలంటీర్లకు, న్యాయశాస్త్ర విద్యార్థులకు నమస్కారం. వివాహేతర సంబంధం, సహజీవనం, స్వలింగ వివాహం అనే మూడు విషయాల్లో మన చట్టాలు ఏమంటున్నాయో వివరించమని నిర్వాహకులు కోరారు. ఈ మూడింటికీ సమయాన్ని సమానంగా పంచలేనని ముందే మనవి చేస్తున్నాను. సహజీవనం గురించి చాలాకాలంగా చెప్పదలచుకున్న మాటలున్నాయి, వాటికి ఈ సభకు మించిన చోటు నాకు దొరకదు.

వివాహేతర సంబంధం గురించి క్లుప్తంగా చెబుతాను. 1860 నాటి శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్ ప్రకారం, మరొకరి భార్యతో ఆ భర్త అనుమతి లేకుండా సంబంధం పెట్టుకున్న పురుషుడికి ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడేది. భర్త అనుమతి ఉంటే నేరమే లేదు. ఫిర్యాదు చేసే హక్కు కూడా ఆ భర్తదే తప్ప, తప్పు చేసిన మగవాడి భార్యకు లేదు. 1985లో ఈ సెక్షన్‌ను నిలబెట్టిన సుప్రీంకోర్టు తీర్పు జస్టిస్ వై.వి. చంద్రచూడ్ రాసినది కాగా, 2018 సెప్టెంబరు 27న జోసెఫ్ షైన్ కేసులో దానిని ఏకగ్రీవంగా కొట్టివేసిన ఐదుగురు న్యాయమూర్తులలో ఆయన కుమారుడు జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ఒకరు. స్త్రీ పురుషులిద్దరికీ వర్తించేలా ఆ నేరాన్ని తిరిగి తేవాలని 2023లో పార్లమెంటరీ స్థాయీ సంఘం సూచించినా, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దానికి చోటు దక్కలేదు. విడాకులకు మాత్రం అది నేటికీ కారణమే, అలా ఉండటం న్యాయమే. భార్యాభర్తల మధ్య నమ్మకం చెడితే విడిపోయే దారి ఉండాలి గానీ, పోలీసు స్టేషన్‌కు దారి అక్కర్లేదు.

ఇక సహజీవనం. పెళ్లి, విడాకులు, వారసత్వం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటిపై రాష్ట్రాలు కూడా చట్టం చేయవచ్చు. ఉత్తరాఖండ్ రాష్ట్రం అలాగే ఉమ్మడి పౌరస్మృతిని ఆమోదించి, 2025 జనవరి 27 నుంచి అమలు చేస్తున్నది. దాని ప్రకారం సహజీవనం మొదలుపెట్టిన స్త్రీ పురుషులు నెలలోగా రిజిస్ట్రారుకు తెలియజేయాలి, లేకపోతే మూడు నెలల వరకు జైలు గానీ, పదివేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఆ వివరాలు స్థానిక పోలీసు స్టేషన్‌కు వెళతాయి, ఇద్దరిలో ఎవరికైనా 21 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రులకూ తెలియజేస్తారు. ఆ చట్టంలో మంచి లేదని నేను అనను. వదిలివేయబడిన స్త్రీ మనోవర్తి కోరవచ్చు, పుట్టిన బిడ్డ చట్టబద్ధ సంతానమే అవుతుంది. ఈ రెండు మేలులూ మనకూ కావలసినవే. అయితే వాటిని ఇవ్వడానికి జైలు భయం ఎందుకు? కులాంతర ప్రేమ కారణంగా ఇల్లు విడిచి వచ్చిన ఇరవై ఏళ్ల ఆడపిల్ల చిరునామాను, ఆమెను వెతుకుతున్నవారికే అధికారికంగా చేర్చడం ఎలాంటి రక్షణ? 2018లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న ప్రణయ్‌కు ఏం జరిగిందో ఈ సభలో ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు. అక్కడ పెళ్లి చేసుకున్న జంటకే రక్షణ లేకపోయింది.

ఇక్కడ నా కక్షిదారు ఒకరి సంగతి చెప్పాలి. ఆవిడ పేరు చెప్పను, ఊరూ చెప్పను. చిన్న వయసులోనే భర్త పోయిన ఆవిడ, భార్య పోయిన ఒక ప్రభుత్వోద్యోగి ఇంట్లో వంటకు కుదిరి, కొంతకాలానికి ఆయనతోనే కలిసి బతకడం మొదలుపెట్టారు. పిల్లలు ఒప్పుకోరని ఆయన తాళి కట్టలేదు. ఇరవై ఏళ్లకు పైగా అలా గడిచింది. రేషన్ కార్డులో ఆవిడ పేరుంది, ఓటర్ల జాబితాలో భర్త పేరు దగ్గర ఆయన పేరుంది. ఆయనకు పక్షవాతం వచ్చి మంచాన పడితే ముద్ద కలిపి పెట్టిందీ, పక్క శుభ్రం చేసిందీ ఆవిడే. ఆయన పోయిన రోజు ఆవిడను శవం దగ్గర కూర్చోనివ్వలేదు. దినకర్మ పూర్తికాకముందే ఇంటికి తాళం పడింది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం వెళితే అక్కడి గుమాస్తా పెళ్లి ఫొటో అడిగాడు.

“లాయరమ్మా, నేను పింఛను కోసం వచ్చానని అనుకుంటున్నారు. ఆ ఇంట్లో నా గిన్నెలున్నాయి, నా దుప్పట్లున్నాయి, ముందు అవి ఇప్పించండి చాలు” అన్నారావిడ.

అవతలి పక్షం ఆవిడను వంటమనిషి అన్నది. వంటమనిషైతే ఇరవై ఏళ్లలో జీతమిచ్చినట్టు ఒక్క కాగితమైనా, ఒక్క సాక్షి అయినా ఉన్నారా అని నేను అడిగాను. లేరు. చట్టం లేక కాదు, ఉండీ మేము కష్టపడ్డాము. 2005 నాటి గృహహింస చట్టం 2(ఎఫ్) సెక్షన్ వివాహం వంటి సంబంధాన్ని గుర్తిస్తుంది. దీర్ఘకాలం కలిసి బతికిన స్త్రీ పురుషులను భార్యాభర్తలుగానే భావించాలని 1978లోనే బద్రీప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ లోకానికి దంపతులుగానే కనబడి ఉండాలనడం వంటి, 2010 నాటి వేలుసామి తీర్పు విధించిన షరతులన్నీ నిరూపించే భారం ఆ ముసలావిడ మీదే పడింది. 2013లో ఇంద్ర శర్మ కేసులో, పురుషుడికి పెళ్లయిందని తెలిసీ కలిసి ఉన్న స్త్రీకి ఈ చట్టం కింద రక్షణ రాదని తీర్పునిస్తూనే, ఇలాంటి స్త్రీల కోసం పార్లమెంటు చట్టం చేయాలని సుప్రీంకోర్టు సూచించింది. ఆ చట్టం ఇంతవరకు రాలేదు. గృహహింస దరఖాస్తుపై మొదటి విచారణ సాధారణంగా మూడు రోజుల్లో జరగాలనీ, అరవై రోజుల్లో ముగించే ప్రయత్నం చేయాలనీ చట్టంలోనే ఉన్నది. మా దరఖాస్తు వాయిదాల మీద వాయిదాలు పడింది. చివరకు మాకు అనుకూలంగా ఆదేశం వచ్చేనాటికి ఆవిడ చెల్లెలి ఊళ్లో కన్నుమూశారు. ఆ గిన్నెలు ఎవరికి దక్కాయో నాకు తెలియదు.

క్షమించాలి, సమయం గడుస్తున్నదని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. అయినా ఈ మాట విడవలేను. మీరంతా మీ ఊళ్లలో ఇలాంటి ఆవిడను ఒక్కరినైనా చూసి ఉంటారు. చూశారా, లేదా?

రాష్ట్రం తలుచుకుంటే కుటుంబ చట్టాన్ని మంచి వైపు మార్చగలదనడానికి మనమే సాక్ష్యం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేసింది. కేంద్రం ఆ పని చేసింది 2005లో. ఇరవై ఏళ్లు ముందు నడిచిన ప్రాంతం మనది. రెండు తెలుగు రాష్ట్రాలూ అదే అధికారంతో ఇంకో చట్టం చేయాలని నేను అడుగుతున్నాను. కలిసి బతికినట్టు రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, ఇరుగుపొరుగు సాక్ష్యం చూపితే, కాదని నిరూపించే భారం కాదన్నవారి మీదే ఉండాలి. భాగస్వామి పోయిన తర్వాత ఏడాది పాటైనా ఆ ఇంట్లో ఉండే హక్కు ఉండాలి. రిజిస్ట్రేషన్ పెట్టదలిస్తే అది ఇష్టమున్నవారికే ఉండాలి, పోలీసులకు దానితో సంబంధం ఉండకూడదు.

స్వలింగ వివాహం విషయంలోనూ నేను అడిగేది ఇదే. హైదరాబాద్‌లో నివసించే ఒక జంట మొదటి పిటిషనర్లుగా సాగిన కేసులో, 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని చెప్పింది. వారి సహజీవనానికి చట్టబద్ధ గుర్తింపు ఇవ్వడానికి ముగ్గురు నిరాకరించగా ఇద్దరు సమ్మతించారు. ఆ పని చట్టసభలదే అన్నది మెజారిటీ. కలిసి ఉండటానికి మాత్రం అడ్డు లేదు. ఒక యువతిని ఆమె భాగస్వామికి దూరం చేసి తల్లిదండ్రులు నిర్బంధించిన కేసులో, తన ఇష్టప్రకారం భాగస్వామితో బతికే హక్కు ఆమెకు ఉందని 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు స్పష్టం చేసింది. ఇలాంటి జంటలను రేషన్ కార్డు విషయంలో ఒకే కుటుంబంగా చూడాలనీ, దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భౌతికకాయాన్ని భాగస్వామికి ఇవ్వవచ్చనీ అదే ఏడాది కేంద్రం రాష్ట్రాలకు రాసింది. దగ్గరి బంధువులు అందుబాటులో ఉండి, భాగస్వామిని గది బయట నిలబెడితే ఏమిటన్నది ఆ లేఖలతో తేలదు. శవం దగ్గర కూర్చోనివ్వని బాధకు ఆడా మగా తేడా ఉంటుందా? అందుకే నేను కోరే చట్టం స్త్రీ పురుషులకే పరిమితం కాకుండా, కలిసి బతికిన ఏ ఇద్దరు వయోజనులకైనా వర్తించాలి.

పారా లీగల్ వాలంటీర్లకు ఒక్క విన్నపం. అలాంటి స్త్రీ మీ దగ్గరకు వస్తే పెళ్లి ఫొటో అడగకండి. రేషన్ కార్డు, ఆధార్ చిరునామా, ఆసుపత్రి చీటీల మీద సహాయకురాలిగా ఉన్న ఆమె పేరు, గ్యాస్ పుస్తకం, ఏది ఉంటే అది అదే రోజు నకలు తీయించండి, ఇంటికి తాళం పడితే ఆ కాగితాలు మళ్లీ దొరకవు. గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద దరఖాస్తు వేయించి, 19వ సెక్షన్ కింద నివాస ఆదేశాన్ని మధ్యంతరంగానే ఇవ్వమని కోరండి. నేను చెప్పిన చట్టానికి ముసాయిదా రాసి తెచ్చాను, రెండు రాష్ట్రాల న్యాయశాఖలకూ పంపుతున్నాము. ప్రతులు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. చదివి, ఒప్పుకుంటే సంతకం చేయండి, ఒప్పుకోకపోతే ఎందుకో అంచున రాసి నాకివ్వండి.