లేక్ లేనియర్: దయ్యాల కథ కాదు, అసలు జరిగింది

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఇవాళ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, మా ఊరు కమ్మింగ్‌లోనే, లేక్ లేనియర్ ఒడ్డున ఉన్న మేరీ ఆలిస్ పార్క్‌కి వచ్చాం. అట్లాంటా వైపు ఉండే తెలుగువాళ్లకి ఈ లేక్‌ని పరిచయం చేయక్కర్లేదు. వేసవిలో వీకెండ్ వచ్చిందంటే బోట్లు, గ్రిల్స్, పిల్లల కేకలే. పార్కింగ్ దొరకాలంటే పొద్దున్నే బయల్దేరాలి.

నీటిమట్టం కాస్త తగ్గింది, ఒడ్డంతా జార్జియా ఎర్రమట్టి బయటపడింది. మా పాప పాదాలు చూడండి, పారాణి పెట్టినట్టున్నాయి! అదిగో, అక్కడ తాడుకి కట్టి నీళ్లమీద తేలుతున్న హద్దు గుర్తులు (buoys) కనిపిస్తున్నాయా? పిల్లల్ని వాటిని దాటి వెళ్లనివ్వకండి. 1950ల్లో చట్టాహూచీ నది మీద బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టి లోయని ముంచినప్పుడు చెట్లు, పాత కట్టడాల ఆనవాళ్లు కొన్ని అడుగునే ఉండిపోయాయి. ఉన్నట్టుండి లోతు వచ్చే చోట్లూ ఉన్నాయి. ఈత వచ్చినా సరే, లైఫ్ జాకెట్ వేయండి.

ఇక్కడ ఏటా ప్రమాదాలు జరుగుతుంటాయి. అందుకే ఎక్కడ చూసినా దయ్యాల వీడియోలు. నీళ్ల కింద ఆస్కార్‌విల్ అనే నల్లజాతివాళ్ల ఊరుందనీ, ఆ ఆత్మలే మనుషుల్ని లోపలికి లాగుతున్నాయనీ చెప్తుంటారు. నాకు అవి వింటే బాధేస్తుంది. ఎందుకంటే నీళ్లు వచ్చేనాటికి వాళ్లు అక్కడ లేరు. నలభై ఏళ్ల ముందే వాళ్లని తరిమేశారు. తరిమింది ఇరుగుపొరుగువాళ్లే.

1912 సెప్టెంబర్‌లో ఆస్కార్‌విల్ దగ్గర ఒక తెల్లజాతి అమ్మాయిపై దాడి జరిగింది, ఆమె చనిపోయింది. ఆ నేరం మోపి రాబ్ ఎడ్వర్డ్స్ అనే అతన్ని విచారణ లేకుండానే జైల్లోంచి లాక్కొచ్చి చంపేసి, కమ్మింగ్ నడిబొడ్డున వేలాడదీశారు. ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కార్ డేనియల్ అనే ఇద్దరు టీనేజ్ కుర్రాళ్లకి మాత్రం విచారణ జరిగిందనిపించి, అక్టోబర్‌లో ఉరి వేశారు. చూడ్డానికి వేలమంది వచ్చారట. ఆ రోజుల్లోనే తెల్లవాళ్లు రాత్రిపూట గుంపులుగా వచ్చి నల్లజాతివాళ్ల ఇళ్ల మీద కాల్పులు జరిపారు, చర్చిలు తగలబెట్టారు. కమ్మింగ్ ఉన్న ఈ ఫోర్‌సైత్ కౌంటీలోని దాదాపు 1,100 మంది నల్లజాతివాళ్లు కట్టుబట్టలతో వెళ్లిపోయారు.

మా పెద్దాడు ఇదంతా విని, "అమ్మా, మరి వాళ్ల పొలాలు ఎవరు తీసుకున్నారు?" అని అడిగాడు. కొందరు అయినకాడికి అమ్ముకున్నారు. కొన్ని భూములు అమ్మకమే జరక్కుండా పక్కవాళ్ల పేర్ల మీదికి వెళ్లిపోయాయి. అదే చెప్పాను వాడికి.

ఇదేమీ తాతల కాలంతో అయిపోలేదండీ. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్‌తో కలిసి కొద్దిమంది ఇక్కడ జాతివివక్షకి వ్యతిరేకంగా శాంతియాత్ర చేస్తే రాళ్లు, సీసాలు విసిరారు. వారం తిరిగేసరికి వాళ్లకి మద్దతుగా దాదాపు 20,000 మంది వచ్చి నడిచారు. మనం ఇల్లు కొనేటప్పుడు స్కూల్ రేటింగ్, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు అన్నీ ఆరా తీస్తాం. ఇదే కౌంటీలో మనలాంటివాళ్లు ఇవాళ నిశ్చింతగా ఉంటున్నామంటే అలా నడిచినవాళ్ల పుణ్యమే. ఆ సంగతి మన పిల్లలకి తెలియాలని నా తాపత్రయం.

రాబ్ ఎడ్వర్డ్స్ పేరున కమ్మింగ్ డౌన్‌టౌన్‌లో 2021లో ఒక స్మారక ఫలకం పెట్టారు. ఇక్కణ్ణుంచి కారులో కాసేపే. తడిబట్టలు మార్చుకుని అక్కడికే వెళ్తున్నాం. మీలో ఇక్కడ ఉంటున్నవాళ్లు పిల్లలకి ఈ విషయం ఏ వయసులో, ఎలా చెప్పారో రాయండి. మా చిన్నదానికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.